దొంగగోడ దగ్గర మలుపు

ఎక్కడ ఆగామో ఒకసారి చూసుకుని ముందుకు పోదాం. కథలోకి ఇవాళే అడుగు పెట్టినవాళ్ళకి కూడా ఇబ్బంది ఉండదు.

మన తోకక్క కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. ఆదివారం పొద్దున్నే అడవి పార్కులో పరిగెత్తే బృందానికి ఆవిడ తోక, అంటే అందరికన్నా చివర పరిగెత్తే మనిషి. ముందురోజు సాయంత్రం ఆవిడ మరిది దారి పొడవునా, మలుపు మలుపుకీ నారింజరంగు రిబ్బన్లు కడతాడు. అందరూ దాటిపోయాక ఆ రిబ్బన్లు ఒక్కొక్కటే విప్పుకుంటూ రావడం తోక పని. మధ్యాహ్నానికల్లా చెట్టు మీద చిన్న పీలిక కూడా కనబడకూడదని ఎస్టేటువాళ్ళ షరతు. తోకకి ఉన్న నియమం ఒక్కటే. ఎంత నెమ్మదిగా వచ్చేవాళ్ళయినా సరే, వాళ్ళని దాటి ముందుకి పోకూడదు.

ఆ ఒక్క నియమమే తోకక్క తప్పింది. ఆ ఆదివారం చివరి మనిషి ఆవిడ తోడికోడలు, రిబ్బన్లు కట్టే ఆ మరిది భార్యే. పరుగుకి రావడం అదే మొదలు. ఎస్టేటు బంగళాకి పోయే చెట్లవరస మొదట్లో బెంచీ మీద కూలబడి, నువ్వు పో అక్కా, రిబ్బన్లు చూసుకుంటూ నేనొస్తా అంది. ఏళ్ళ తరబడి అందరి వీపులూ చూస్తూ పరిగెత్తిన తోకక్కకి ఆ మాట చాలింది. కాళ్ళకి పగ్గాలు వదిలేసింది. పరిగెత్తిన మనిషి పరిగెత్తి ఊరుకుందా? అలవాటు పడ్డ చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. మలుపు దగ్గర రిబ్బను లాగి నడుముకున్న సంచీలో కుక్కేసింది. వెనకాల ఒక మనిషి రావలసి ఉందని ఆ చేతికి తెలియదు. తోకక్కకీ ఆ క్షణంలో తట్టలేదు. మలుపు తెలియని తోడికోడలు పచ్చిక మీద నేరుగా వెళ్ళి, పచ్చికలో కలిసిపోయి కంటికి ఆనని దొంగగోడ మీంచి కందకంలో పడి కాలు విరగ్గొట్టుకుంది.

అక్కడితో పోయినా బాగుండేది. రిబ్బను ఉందా లేదా అని అందరూ మొహమొహాలు చూసుకుంటుంటే తోకక్క కంగారులో, "నాకూ కనబడలేదు" అనేసింది. మిగతావాళ్ళది కాళ్ళకి తెలిసిన దారి. రిబ్బను వైపు చూసిన పాపాన ఎవరూ పోలేదు. దాంతో నేరం తిన్నగా వెళ్ళి మరిది నెత్తిన పడింది. కట్టడం మరిచిపోయి ఉంటాడన్నారు. అతనూ మరిచిపోయానేమో అన్నాడు. అతనికి అది సరదా కాదు, ఉద్యోగం. పార్కులోనూ, దాన్ని ఆనుకున్న పాత ఎస్టేటులోనూ నడకదార్లు వేసేదీ చూసుకునేదీ అతనే. అందుకే అందరూ దారిమేస్త్రి అంటారు.

అది జరిగి కొన్ని వారాలయింది. ఇవాళ శనివారం. సాయంత్రం ఎస్టేటు మేనేజరు ఆ మలుపు దగ్గరికే వచ్చి సంగతేమిటో తేల్చేస్తానన్నాడు.

మధ్యాహ్నం షాపులో తోకక్క ఒక పెద్దాయన చెవుల వెనక ఫ్రేము కాడలు సరిచేస్తోంది. వేడిచేసి కాస్త వంచడం, పెట్టి చూడడం, మళ్ళీ వంచడం. చేతులు చకచకా నమ్మకంగా కదులుతున్నాయి. ఆ నమ్మకం చూస్తేనే ఈమధ్య ఆవిడకి భయం వేస్తోంది. తను చూడనప్పుడు ఇవి ఏం చేసి కూర్చుంటాయో తనకే తెలియదని ఆ ఆదివారం తేలిపోయింది కదా.

దారిమేస్త్రి లోపలికొచ్చి అక్షరాల బోర్డుకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. బూట్లకి మట్టి లేదు. ఆ బూట్లని మట్టి లేకుండా తోకక్క ఎప్పుడూ చూడలేదు. పెద్దాయన్ని సాగనంపి ఏమిటి సంగతని అడిగింది. మేనేజరు ఆవిడ మాట కూడా వినాలంటున్నాడట. కాస్త ముందుగా బయల్దేరితే దారి మొదటినుంచీ నడుచుకుంటూ పోదామన్నాడు. ఆరోజు ఎలా కట్టాడో అలాగే మళ్ళీ కట్టి చూస్తాడట. కడుతుంటే గుర్తురావచ్చని మేనేజరు అన్నాడట.

"నువ్వు కొత్తగా ఏమీ చెప్పక్కర్లేదు వదినా. ఆరోజు చెప్పిందే చెప్పు," అన్నాడు.

అతను తిట్టినా ఆవిడకి అంత బాధ వేసేది కాదు. ఇప్పుడే చెప్పేద్దామనుకుంది. మాట నోటిదాకా వచ్చింది. అంతలో అతను బోర్డు వైపు కళ్ళు చికిలించి, కింది రెండు వరసలూ కనబడటం లేదు, రిబ్బను కట్టని పాపం ఈ కళ్ళదేమో అని నవ్వాడు. ఆవిడా నవ్వింది. నవ్విన నోటితో వెంటనే అలాంటి మాట చెప్పడం ఎవరి తరం? నీళ్ళు నమిలి, వస్తానంది.

అతను వెళ్ళాక అద్దం తుడిచే గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అసలు ముందు చెప్పాల్సింది కాలు విరిగిన మనిషికి కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. అది ధర్మమో, వాయిదా వేయడానికి ఇంకో సాకో మనం అడగొద్దు. యజమానురాలికి తలనొప్పని చెప్పి బయటపడింది. అది కూడా అబద్ధమే. ఈమధ్య అబద్ధాలు కూడా ఆవిడ చేతుల్లాగే తడుముకోకుండా పనిచేస్తున్నాయి.

తోడికోడలిది జుట్టు కత్తిరించే పని. రోజంతా నిలబడి చేసే పని. ఆ మనిషిని ఇప్పుడు ముందుగదిలో కిటికీ పక్కన మంచమేసి పడుకోబెట్టారు. కట్టు కట్టిన కాలు రెండు దిళ్ళ మీద మహారాజులా కూర్చుంది. లోపల దురద పుడితే గోక్కోవడానికి పొడుగు కాడ గరిటె ఒకటి పక్కనే ఉంది. గదంతా నీటుగా ఉంది. తోకక్కకి ఆశ్చర్యం వేసింది. ఈ ఇంట్లో కుర్చీల మీద బట్టలు లేకపోవడం ఆవిడ ఎరగదు. మందులు మూతల రంగు ప్రకారం వరసగా పెట్టి ఉన్నాయి. మంచం నుంచి స్నానాలగది దాకా చేత్తో పట్టుకుని నడవడానికి వీలుగా గోడకి చెక్కపట్టీ బిగించి ఉంది. అది ఎవరి పనో అడగక్కర్లేదు.

దారిమేస్త్రి ఇంట్లో లేడు. తోకక్క బస్సు దిగేలోపే పార్కుకి బయల్దేరి ఉంటాడు, అక్కడ గేటు దగ్గర కలుద్దామని మాట. కూర్చోమన్నా కూర్చోకుండా, చేతిసంచీ కూడా కింద పెట్టకుండా తోకక్క మొదలెట్టింది. దారంతా కూడబలుక్కున్న మాటలు గుమ్మంలోనే జారిపోయాయి. మిగిలిన రెండు ముక్కలూ అనేసింది.

"ఆ రిబ్బను కట్టే ఉందే. నేను తీసేశాను."

తోడికోడలు గరిటె కాడ కట్టులోకి దూర్చి నిదానంగా గోక్కుంది. తర్వాత దాన్ని బయటికి తీసి దిండు పక్కన పెట్టింది.

"తెలుసక్కా."

తోకక్క మంచం అంచున కూలబడింది. కాలు కదిలి తోడికోడలు మూలిగితే ఉలిక్కిపడి మళ్ళీ లేచింది.

"కూర్చో, ఏం కాదు. నేను చూశాను. బెంచీ మీంచి ఆ చెట్టు కనబడుతుంది కదా. దారిలో పోతూ ఆకు తెంపినట్టు తెంపి సంచీలో వేసుకున్నావు. పిలుద్దామనుకున్నా, ఆయాసంతో గొంతు రాలేదు. లేసు కట్టుకుని తల ఎత్తేసరికి నువ్వు లేవు. చెట్టు దగ్గరికొచ్చి ఎటా అని చూశా. ఎదురుగా పచ్చిక అంత బాగుంటే పక్కకి ఎవరు తిరుగుతారు చెప్పు."

తోకక్కకి తల కొట్టేసినట్లయింది. ఇన్నాళ్ళూ తనొక్కతే మోస్తున్నాననుకున్న సంగతి ఈ మంచం మీద మొదటిరోజునుంచీ ఉంది. తను పరామర్శకి వచ్చిన ప్రతిసారీ, పళ్ళు కోసి పెట్టిన ప్రతిసారీ, అయ్యో ఎంత పని జరిగింది అని నిట్టూర్చిన ప్రతిసారీ ఈ పిల్ల లోపల్లోపల చూస్తూనే ఉందన్నమాట. ఆ నిట్టూర్పులు తలుచుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మరి ఎందుకు చెప్పలేదని అడిగింది. కోపం లేదా అనీ అడిగింది. లేకేం, మొదటి నాలుగు రోజులూ నిన్ను తిట్టని తిట్టు లేదని తోడికోడలు ఒప్పుకుంది. నొప్పి లేచినప్పుడల్లా ఒక తిట్టు, మందు పనిచేసేదాకా ఇంకోటి. తర్వాత సంగతి వేరే దారి పట్టింది.

ఆ దారి ఇలా ఉంది. దారిమేస్త్రి, తోడికోడలు ఇద్దరి కాపురం ఎప్పుడో చల్లారిపోయింది. కొట్టుకోవడం, తిట్టుకోవడం లాంటివేం లేవు, ఉంటే అదో కబురు. మాటలే లేవు. తెల్లవారగానే అతను బూట్లేసుకుని దార్ల మీదికి పోయేవాడు. చీకటి పడ్డాక మట్టి కాళ్ళతో వచ్చి, తిని, పడుకునేవాడు. సెలవురోజైతే ఇంకా తొందరగా పోయేవాడు. ఆవిడ తల్లిగారింటి పక్కన షాపు ఖాళీ ఉందంటే అక్కడికి మారిపోదామనుకుంది. పెట్టె దించి బట్టలు సర్దడం కూడా మొదలెట్టింది. పోయేముందు ఒక్కసారి ఆ దారిలో ఏముందో, మొగుడు అంతగా తనని వదిలి దేనికోసం పోతున్నాడో చూద్దామని ఆ ఆదివారం పరుగుకి వచ్చింది.

"చూశావా మరి," అని అడిగింది తోకక్క. ఏదో ఒకటి అడగాలి కదా.

"చూశా. నిజంగానే బాగుంది. అందుకే పడ్డా."

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు. తోడికోడలు కిటికీ వైపు తిరిగింది.

"కాలు విరిగాక గానీ ఈ ఇంట్లో మాటలు పుట్టలేదక్కా. మీ మరిది నాకు తల దువ్వుతున్నాడు తెలుసా. చిక్కు తీయడం రాక సగం జుట్టు ఊడగొట్టాడు. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. రాత్రి నేను కదిలితే లేచి కూర్చుంటాడు. నా వల్లే, నా వల్లే అంటాడు. నీ వల్ల కాదని ఒక్కమాట అంటే చాలు, ఆ మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. ఆ మాట నేను అనడం లేదు. అన్నానంటే మర్నాడు పొద్దున్న మళ్ళీ బూట్లేసుకుంటాడు."

"వాడి పని పోతుందే."

"పోదు. టికెట్ల కిటికీలో కూర్చోబెడతారట. కూర్చోనీ. ఒకచోట కూర్చునే మొగుడు నాకు కావాలి." అంటూనే గొంతు దించేసింది. "నేను చేస్తున్నది మంచిపని కాదని నాకు తెలుసు. నువ్వు చెప్పక్కర్లేదు."

తోకక్క మాత్రం ఏ మొహంతో చెప్తుంది? అయినా ఆఖరికి ధైర్యం తెచ్చుకుని, సాయంత్రం నిజం చెప్పెయ్యాలని వచ్చానంది. తోడికోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"నా కాలు విరగ్గొట్టావు. పోనీ, చూడక చేశావు. నా కాపురం కూడా విరగ్గొట్టకు."

దించుకుందామని వచ్చిన బరువు అలాగే ఉంది. పైన ఇంకోటి కూడా ఎత్తుకుని తోకక్క ఆ ఇంట్లోంచి బయటపడింది.

పార్కు గేటు దగ్గర దారిమేస్త్రి రిబ్బను చుట్ట చేత్తో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. భుజాన పనిసంచీ ఉంది. ఎండ ఇంకా వాలలేదు.

ఆ దారి ముందు పైన్ చెట్ల మధ్యనుంచి పోతుంది. నేలంతా సూదుల్లాంటి ఎండాకులు, అడుగు వేస్తే చప్పుడే ఉండదు. తర్వాత వాగు మీద చెక్కవంతెన, అది దాటితే సరస్సు ఒడ్డు. జింకల మైదానం పక్కనుంచి పోయి ఎస్టేటు ఇనుపగేటులోకి దూరుతుంది. పాత గుర్రాలశాలని ఇప్పుడు కాఫీ హోటలు చేశారు. అక్కడినుంచి పెద్దపెద్ద చెట్లవరస. ఇన్నేళ్ళు ఈ దారిలో పరిగెత్తినా తోకక్క ఎప్పుడూ దాన్ని వేసినవాడితో నడవలేదు. అతను ప్రతి మలుపు దగ్గరా ఆగి, రిబ్బను కట్టి, నాలుగడుగులు వెనక్కి పోయి, పరిగెత్తి వచ్చేవాడి కంటికి అందుతుందా లేదా చూసి, మళ్ళీ కాస్త కిందికి జరిపేవాడు. ఆయాసపడేవాడు తల ఎత్తడు, అందుకని రొమ్ము ఎత్తులో కట్టాలని చెప్పాడు. సరస్సు దగ్గర దారి అనవసరంగా వంకర తిరుగుతుందని అందరూ విసుక్కునే చోటు ఒకటుంది. ఆ వంకర కావాలనే పెట్టాడట. తిన్నగా వేస్తే బంగళా దూరంనుంచే కనబడిపోతుంది, అలిసిపోయినవాడికి అది ఒక్కసారిగా ఎదురుపడాలి, అప్పుడు కాళ్ళు వాటంతటవే లేస్తాయన్నాడు.

ఇంత చూసి కట్టేవాడు మరిచిపోతాడా? అతనికి ఆ అనుమానం ఎందుకు రావడం లేదో తోకక్కకి అర్థం కాలేదు. కాసేపటికి అతనే చెప్పాడు.

"వదినా, ఒకమాట చెప్తే నవ్వకూడదు. మొదట్లో గుర్తు తెచ్చుకోవాలని చచ్చేవాణ్ణి. కట్టానా లేదా, కట్టానా లేదా అని. ఇప్పుడు గుర్తు రాకపోతేనే నయం అనిపిస్తోంది."

అదేమిటంది.

"నాకు దాని దగ్గర కూర్చోవడం చేతకాదు. ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. అందుకే పొద్దున్నే పారిపోయేవాణ్ణి. ఇప్పుడు తప్పు చేసినవాణ్ణి కదా, కూర్చోవడానికి ఒక కారణం ఉంది. అది తిడుతుంది, నేను పడతాను. తల దువ్వమంటుంది, దువ్వుతాను. నా తప్పు లేదని తేలితే మళ్ళీ ఏ మొహం పెట్టుకుని దాని మంచం పక్కన కూర్చోను?"

తోకక్క చేసిన పాపం మీద ఇద్దరు మనుషులు కాపురం పెట్టేశారు. ఆవిడ భర్తే గనక ఈ మాట వింటే, పోనీలే, మంచే జరిగింది, నోరుమూసుకో అనేవాడు. పరుగంటే బస్సు వెనక పరిగెత్తడమే అనుకునే మనిషి ఆయన, ప్రతిదానికీ ఆయన దగ్గర అలాంటి తేలిక మందు ఉంటుంది. ఆవిడకీ ఒక్కక్షణం ఆ మందు తీయగానే అనిపించింది. చెప్పకపోతే ఇద్దరూ సుఖంగా ఉంటారు. తనూ తప్పించుకుంటుంది. ఆ రెండో ముక్క దగ్గరే మందు చేదెక్కింది.

చెట్లవరస చివర రాగిరంగు ఆకుల చెట్టు కింద మేనేజరు నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి. మబ్బున్నా లేకున్నా గొడుగు వదలడు. ఎంత చిన్నవాళ్ళనైనా మీరు అనే పిలుస్తాడు. ఆ చెట్టు దగ్గర దారి ఎడమకి తిరిగి చెక్కమెట్ల మీదుగా కిందికి దిగుతుంది. తిరక్కపోతే ఎదురుగా పచ్చిక. పచ్చిక అవతల అడవి. మధ్యలో అడ్డమేదీ కనబడదు. వెనకటి దొరలు బంగళా కిటికీలోంచి చూస్తే కంచె కంటికి తగలకూడదని, జింకలు మాత్రం పూలమొక్కల్లోకి రాకూడదని, కందకం తవ్వి ఇవతలి ఒడ్డుకి గోడ కట్టించారు. గోడ పైఅంచు పచ్చికతో సమానంగా ఉంటుంది. అంచు మీదికి వచ్చేదాకా అక్కడ గోడున్నట్టే తెలియదు. అందుకే దాన్ని దొంగగోడ అంటారు.

మేనేజరు ఎక్కువ మాట్లాడలేదు. ఇక్కడ రిబ్బను కట్టారా లేదా అని ఒక్కటే అడిగాడు. మరిచిపోయానండి అన్నాడు దారిమేస్త్రి. ఆలోచించుకునే చెప్తున్నారా అంటే, అవునన్నాడు. మేనేజరు నిట్టూర్చాడు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, మిమ్మల్ని పంపించెయ్యను, కానీ దార్ల పని ఇక మీకు ఇవ్వలేనన్నాడు. సోమవారంనుంచి టికెట్ల కిటికీ. పనిముట్లు ఇక్కడే అప్పగించేస్తే తను షెడ్డుకి చేరుస్తాడు.

దారిమేస్త్రి సంచీ దించాడు. కొమ్మలు కత్తిరించే కత్తెర తీసి పచ్చిక మీద పెట్టాడు. చిన్న సుత్తి పెట్టాడు. రంపం తీసి, దాని పిడిని చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచి, అప్పుడు పెట్టాడు. ఆ తుడవడం తోకక్క చూడలేకపోయింది.

"రిబ్బను ఉందండీ," అంది. "అతను కట్టాడు."

మేనేజరు గొడుగు ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఆరోజు మీకు కనబడలేదన్నారు."

"అబద్ధం చెప్పాను."

"అయితే ఎవరు తీశారు?"

తోకక్క నోరు తెరిచింది. ఆవిడకన్నా ముందు మరిది గొంతు వినబడింది.

"నేనే తీశాను. కట్టి, మళ్ళీ నేనే విప్పేశాను."

వదినని కాపాడదామని అన్నాడో, ఇంట్లో కొత్తగా దొరికిన చోటు పోగొట్టుకోలేక అన్నాడో. ఏదైనా అది ఆలోచించి అన్నమాట కాదు. ఎందుకు విప్పారని మేనేజరు అడిగితే పచ్చిక మీదున్న రంపాన్ని కాస్త పక్కకి జరిపాడు. మేనేజరు మొహంలో మర్యాద అలాగే ఉంది గానీ జాలి మాత్రం పోయింది.

"మరిచిపోవడం వేరు మేస్త్రిగారూ. మీ ఆవిడ ఈ దారినే వస్తుందని తెలిసి విప్పెయ్యడం వేరు. ఇది కిటికీలో కూర్చోబెడితే పోయేది కాదు. పైవాళ్ళకి చెప్పాలి. వాళ్ళు పోలీసులకి చెప్పమంటారు."

"అతను తియ్యలేదు," అంది తోకక్క. బెంచీ దగ్గర తోడికోడల్ని వదిలెయ్యడం, పరిగెత్తాలన్న ఆశ, సంచీలో దొరికిన రిబ్బను, అందరి ముందూ ఆడిన అబద్ధం, ఒక్కటీ మిగల్చకుండా చెప్పేసింది. చెప్తున్నంతసేపూ మరిది వైపు చూడలేదు. చెప్పేశాక చూసింది. అతను సంతోషించలేదు. చేతిలో అన్నం కంచం లాగేసుకున్నట్టు చూస్తున్నాడు.

"వదిన నా ఉద్యోగం కోసం చెప్తోందండి," అన్నాడు మేనేజరుతో. "నమ్మకండి."

ఒకే ఇంటి మనుషులు ఇద్దరు, ఇద్దరూ నేనంటే నేనంటున్నారు, ఎవరిని నమ్మమంటారని మేనేజరు విసుగ్గా అడిగాడు. అడిగి, జేబులోంచి ఫోను తీశాడు. పడినావిడ ఒక్కర్తే ఇందులో ఎవరి కొమ్మూ కాయనక్కర్లేని మనిషి, ఆవిడ ఏం చూసిందో ఆవిడనే అడుగుతానన్నాడు. ప్రమాదం జరిగిన రోజు తీసుకున్న నంబరు అతని దగ్గర ఉంది. నా కాపురం కూడా విరగ్గొట్టకు అన్న గొంతు ఇంకా తోకక్క చెవిలోనే ఉంది.

ముగ్గురికీ వినబడేలా స్పీకరు పెట్టి, ఫోను అరచేతిలో పట్టుకున్నాడు మేనేజరు. రెండుసార్లు మోగగానే తోడికోడలు ఎత్తింది. మేనేజరు తనెవరో చెప్పి, ఎలా ఉన్నారని మర్యాదకి అడిగి, సూటిగా విషయంలోకి వచ్చాడు. రిబ్బను తీశానని మీ ఆయన అంటున్నారు, తీశానని మీ తోడికోడలూ అంటున్నారు, మీరేమైనా చూశారా అన్నాడు.

అటునుంచి గరిటె పక్కన పెట్టిన చప్పుడు వినబడింది.

"చెప్తానండి," అంది తోడికోడలు. "ముందు మీరొకటి చెప్పండి. మా ఆయన అక్కడే ఉన్నాడా? ఇది వింటున్నాడా?"

మేనేజరు తలెత్తాడు. తను విన్నట్టు తెలియకపోతే మంచం పక్కన చోటు అలాగే ఉంటుందని దారిమేస్త్రి ఆశ. లేనని చెప్పమన్నట్టు, అతను చెయ్యి అడ్డంగా ఊపాడు.